డిగ్రీ ముగియగనే విదేశమున పరిశోధనవిద్య

చదువు మెట్లవంటిదని మనవారి నమ్మకము. బి.ఎస్సి. మొదటి మెట్టు, ఎమ్.ఎస్సి. రెండవది, ఆపైన పి.హెచ్‌.డి. ఒక మెట్టుపై నిలువక వేఱొక మెట్టుపై కాలిడరాదని పెద్దలందురు. మన విశ్వవిద్యాలయములు చిరకాలము ఇట్లే నడచినవి గావున ఈ నమ్మకము నిరాధారమని చెప్పుటకు వీలులేదు. అయితే లోకమంతయు ఇట్లే యున్నదనుకొనుట సరి గాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములందు పి.హెచ్‌.డి.లో చేరువారిలో అనేకులు డిగ్రీ ముగించుకొని నేరుగ వచ్చినవారే. అచ్చట ఎమ్.ఎస్. అనునది పి.హెచ్‌.డి. యింటికి తప్పనిసరియైన వాకిలి కాదు. ఈ సంగతి తెలియకపోవుటచే తెలివిగల బాలికలు కొందఱు చదువు సగములో మానుకొనుచున్నారు. మఱికొందఱి తండ్రుల పొలములు తాకట్టులోనికి పోవుచున్నవి. కావున ఈ నెల ఈ విషయమును గుఱించి సోదరీమణులకు కొంత విపులముగ మనవి చేయదలచితిమి.

తెలుగునాట "అమెరికా చదువు" అనగనే వినవచ్చునది ఎమ్.ఎస్. మాటయే. హైదరాబాదున అమీరుపేటలోనే కాదు, జిల్లాల పట్టణములలో సైతము కన్సల్టెన్సీల బోర్డులు కానవచ్చుచున్నవి. ఎమ్.ఎస్.కు ఫీజు మనము చెల్లింపవలెను. ముప్పది నలుబది లక్షల ఋణము తెచ్చుకొనుట సామాన్యమైపోయినది. శాస్త్రములందలి పి.హెచ్‌.డి. అట్టిది కాదు. మంచి విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థిని ఫీజు చెల్లింపనక్కఱలేదు; పైగా విశ్వవిద్యాలయమే ఆమెకు స్టైపెండు ఇచ్చును, ఆరోగ్యభీమా ఏర్పఱచును. స్టైపెండు సాధారణముగ సంవత్సరమునకు 30,000 మొదలు 45,000 డాలర్ల వఱకు ఉండును. ఊరిని బట్టి హెచ్చుతగ్గులు కలవు. ఇంత మేలైన మార్గమును కన్సల్టెన్సీవారు ఏల చెప్పరని అడుగవచ్చును. వారికి విశ్వవిద్యాలయములనుండి ముట్టు కమీషను ఫీజు కట్టు విద్యార్థులపై గాని, జీతము పుచ్చుకొను విద్యార్థులపై సాధారణముగ రాదు. వర్తకుడు లాభము లేని సరకును అంగడి ముందు పరచునా?

మా వారి శిష్యురాలొకతె రసాయనశాస్త్రమున నాలుగేండ్ల డిగ్రీ చదివి ఇట్లే దరఖాస్తు పంపినది. అంగీకారపత్రము వచ్చిన దినమున ఆమె తల్లి ఆ కాగితమును చేతబట్టుకొని మా యింటికి వచ్చి, "చదువుకోవడానికి వాళ్ళే జీతమిస్తారా అమ్మా? ఇందులో మోసమేమీ లేదు గదా?" అని మెల్లగా అడిగినది. ఆ తల్లి సందేహము సహేతుకమైనది. ఊరకే ధనమిచ్చువాడు లోకమున అరుదు. ఇచ్చటను ఊరకే ఇచ్చుట లేదు.

అది ఎట్లన: ఆ స్టైపెండు పనికి ప్రతిఫలము. మొదటి సంవత్సరములలో విద్యార్థిని డిగ్రీ తరగతుల పిల్లలకు ప్రయోగశాలలో బోధించుట, పరీక్షపత్రములు దిద్దుట మున్నగు పనులు వారమునకు ఇరువది గంటల వఱకు చేయవలసియుండును. దీనిని టీచింగ్ అసిస్టెంటు పని యందురు. తరువాత ప్రొఫెసరుగారి పరిశోధనకు వచ్చు ధనమునుండి రీసెర్చి అసిస్టెంటుగా జీతము పొందును. విశ్వవిద్యాలయములకు బోధించు చేతులును, ప్రయోగము చేయు చేతులును కావలయును. ఆ చేతులు ఈ విద్యార్థులవి. ధర్మమును వ్యాపారమును కలిసియున్న ఏర్పాటిది.

చదువు సాధారణముగ ఐదాఱేండ్లు పట్టును. మొదటి ఏడాది రెండేండ్లు తరగతులుండును, మన ఎమ్.ఎస్సి.లో చెప్పు పాఠములు చాలవఱకు అక్కడనే వచ్చుచున్నవి గనుకనే ఎమ్.ఎస్సి. లేనివారిని చేర్చుకొందురు. పిమ్మట క్వాలిఫయింగ్ పరీక్ష అను గండము కలదు. అది దాటినవారు అభ్యర్థులుగ నిలిచి పూర్తిగ పరిశోధనలో దిగుదురు. దాటనివారును, మనసు మారినవారును ఎమ్.ఎస్. పట్టముతో బయటికి రావచ్చును. జీవశాస్త్రములందు మొదటి సంవత్సరమున రెండు మూడు ప్రయోగశాలలలో కొన్ని వారములు చొప్పున పనిచేసి చూచి, ఆపైన గురువును ఎన్నుకొను పద్ధతి యున్నది. దానిని రొటేషను అందురు. పెండ్లిచూపులవలె ఒక్కనాడు చూచి జీవితమంతయు అప్పగించుట కంటె ఇది ఎంతో మేలని మా యభిప్రాయము.

ఎమ్.ఎస్. ఫీజు తప్పించుకొనుటకై పి.హెచ్‌.డి.లో చేరి, రెండేండ్లకు ఎమ్.ఎస్. పట్టము తీసికొని ఉద్యోగమునకు పోవుదమని సలహా చెప్పు బంధువులు ప్రతి యూరను ఒకరిద్దఱుందురు. పరిశోధనపై నిజముగ మనసు విరిగి మానుకొనుట వేఱు, మొదటినుండియు అదే తలపుతో ప్రవేశించుట వేఱు. రెండవది వంచన. ఆ స్థానము మఱియొక పిల్లకు దక్కియుండెడిది. పైగా రేయింబవళ్లు ప్రయోగశాలలో గడుపవలసిన బ్రదుకు ఇష్టము లేనివారికి రెండేండ్లైనను కారాగారమే యగును.

మన మూడేండ్ల డిగ్రీ విషయమున ఒక చిక్కు కలదు. అమెరికాలో డిగ్రీ నాలుగేండ్లది. బడిలో చేరిననాటినుండి పదునాఱేండ్ల చదువు కావలెనని అనేక విశ్వవిద్యాలయములు కోరును. కావున బి.టెక్. చదివినవారికి అడ్డులేదు. బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థ 2011లో నాలుగేండ్ల డిగ్రీ ప్రారంభించినది. ఐసర్ అను సంస్థలలో ఐదేండ్ల బి.ఎస్.-ఎమ్.ఎస్. చదువు కలదు, అందొకటి 2015లో తిరుపతియందు వెలసినది. 2020 జాతీయ విద్యావిధానము పిమ్మట నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీ ఇతర కళాశాలలకును వచ్చినది. మూడేండ్ల బి.ఎస్సి.తో ఆగిన బాలిక మాత్రము ఆయా విశ్వవిద్యాలయముల నియమములు ఒక్కొక్కటిగ చదివి చూచుకొనవలెను, చాలచోట్ల ఎమ్.ఎస్సి. చేసి పోవుటయే ఆమెకు దారి. నాలుగేండ్ల డిగ్రీయందు నూటికి 75 మార్కులు వచ్చినవారు నేరుగ పి.హెచ్‌.డి.లో చేరవచ్చునని 2022లో మన యు.జి.సి. సైతము నియమము చేసినది. అనగా ఈ మార్గము మన దేశమునకును నడచి వచ్చినది.

పరదేశమున శాస్త్రవిద్య మన స్త్రీలకు నూతనము కాదు. మలబారున తలశ్శేరిలో పుట్టిన జానకీ అమ్మాళ్ అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున ప్రాచ్యస్త్రీలకై నెలకొల్పిన బార్బర్ విద్యార్థివేతనముతో చదివి 1926లో మాస్టర్సు పట్టమును, 1931లో డాక్టరు పట్టమును పొందినది. కమలా సొహొనీ 1933లో బొంబాయిలో బి.ఎస్సి. ముగించి బెంగుళూరు సంస్థకు దరఖాస్తు పెట్టగా, స్త్రీయని సి.వి.రామన్‌గారు మొదట నిరాకరించిరి. ఆమె పట్టు విడువక షరతులతో ప్రవేశము సంపాదించి, ఆపైన కేంబ్రిడ్జి చేరి 1939లో పి.హెచ్‌.డి. గడించినది.

అయితే తెలుగువారికి ఈ సందర్భమున మొదట స్మరణకు రావలసినవారు యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసున వైద్యము చదివి, 1922లో బోస్టను నగరమునకు పోయిరి. వారికి నేటి పిల్లలవలె స్టైపెండు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత ధనమిచ్చి పంపిరి. అది చాలక, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రము చేయు పనికి కుదిరి చదువుకొనిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కెగారితో గూడి 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారిద్దఱి పేరిట వాడుకలోనున్నది. హార్వర్డులో 1930లో పి.హెచ్‌.డి. వచ్చినది. ఆపైన లెడర్లీ సంస్థలో వారి యాధ్వర్యమున ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు, ఆరియోమైసిన్ వెలువడినవి. 1948లో న్యూయార్కు నగరమున కాలధర్మము నొందిరి. మధ్యలో ఒక్కమాఱైనను స్వదేశమునకు రాలేదు.

ఈ చరిత్రను మన పిల్లలకు పాఠముగ చెప్పుదురు. కాని అందు శేషగిరమ్మగారి మాట చెప్పువారు తక్కువ. ఆమెను సుబ్బారావుగారు 1919లో వివాహమాడిరి. మూడేండ్లకు భర్త ఓడ యెక్కెను. ఆయన వెళ్లిన పిమ్మట పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. భార్యాభర్తలు మరల కలిసికొననే లేదు. ఇరువదియాఱేండ్లు! సీతాదేవి అశోకవనమున గడపినది పండ్రెండు నెలలు. ఆమెకు హనుమంతుడైనను వచ్చెను. మహాపురుషుని విద్య వెనుక ఎవరి బ్రదుకు వ్యయమైనదో లెక్కవేయకుండ ఆ విద్యను పొగడుట మాకు రుచింపదు. ఈ మాట ఆయన ఘనతను తగ్గించుటకు గాదు. చదువు ఒకరిదే యైనను దానికి మూల్యము చెల్లించువారు ఇంటిలో ఎవరో తెలిసికొని, ముందుగనే మాటలాడుకొనుట మంచిదని చెప్పుటకు మాత్రమే.

నేడు ఓడలు లేవు. దినదినము తెరపై ముఖము చూచుకొనవచ్చును. అయినను దూరము దూరమే. వేసవిలో ఇంటికి వచ్చుట ప్రొఫెసరుగారి అనుమతిపైనను, వీసా ముద్ర మరల దొరకుటపైనను ఆధారపడియుండును. వివాహిత యగు బాలిక భర్తను ఎఫ్-2 వీసాపై తీసికొనిపోవచ్చును గాని, ఆ వీసాపై ఆయన ఉద్యోగము చేయరాదు. భార్య స్టైపెండుపై భర్త ఇంటనుండి వంట చేయుటకు ఒడంబడు అల్లుండ్రు మన సమాజమున ఎందఱు దొరకుదురో మేము లెక్కింపజాలము. దొరకినచో వదలవలదని మాత్రము చెప్పుదుము.

పెండ్లి మాట యెటులైనను వచ్చినది గావున పూర్తి చేసెదము. ఇరువదిరెండేండ్ల పిల్ల పోయి ఇరువదియెనిమిదవ యేట పట్టముతో నిలుచును. ఈ లెక్క విని తల్లుల గుండె దడదడలాడుట మేమెఱుగుదుము. అట్లని "ముందు పెండ్లి, తరువాత నీ యిష్టము" అని పంపుట తొందరపాటు. వరుడు వేఱొక రాష్ట్రమున ఉద్యోగమున నుండును. పిల్ల ప్రయోగశాల వదలి రాజాలదు, ఆయన ఉద్యోగము వదలి పోజాలడు. ఇట్టి సంసారములు మాకు తెలిసినవే రెండు కలవు. పి.హెచ్‌.డి. నడుమ పెండ్లి చేసికొని సుఖముగ నున్నవారును కలరు. వారందఱును వరునితో ఐదాఱేండ్ల లెక్కను ముందుగ విప్పి చెప్పినవారే.

ఇక దరఖాస్తు సంగతి. మన వారికి మార్కులే సర్వము. అక్కడ మార్కులు చూడరని కాదు. అవి గుమ్మము దాటించును, ఆసనము వేయించవు. ఈ బాలిక పరిశోధన యనగా నేమో చేతులతో చేసి యెఱుగునా, పది ప్రయోగములు చెడిన పిమ్మట పదునొకండవది మొదలుపెట్టు గుండె యున్నదా అని వారు చూతురు. అందుచే డిగ్రీ చివరి సంవత్సరము వచ్చువఱకు కూర్చుండుట పనికిరాదు. రెండవ, మూడవ సంవత్సరముల వేసవిలో ఏదేని ప్రయోగశాలలో పని నేర్వవలెను. మన దేశమునందలి మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇచ్చుచుండును. టాటా మౌలిక పరిశోధన సంస్థవారికి వేసవి విద్యార్థుల ఏర్పాటు కలదు. వీనికి శీతకాలముననే దరఖాస్తు పెట్టవలెను. హైదరాబాదుననే సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., కేంద్రీయ విశ్వవిద్యాలయము ఉన్నవి. "వేసవి సెలవులకు పిల్లను ఊరికి పంపక హాస్టలులో నుంచుటయా?" యని అమ్మమ్మలు కోపగించుకొందురు. ఒక్క వేసవికి ఓర్చుకొందురు గాక.

గురువుల లేఖలు మూడు కావలయును. ఇచ్చటనే మన పిల్లల దరఖాస్తులు తఱచుగ దెబ్బతినుచున్నవి. మన కళాశాలలలో ప్రిన్సిపాలుగారు ఒకే లేఖలో పేరు మాత్రము మార్చి ఇరువదిమందికి ఇచ్చుట కలదు. "నీవే వ్రాసి తెమ్ము, సంతకము చేసెదను" అనుటయు కలదు. అట్టి లేఖలు ప్రతి సంవత్సరము చూచు కమిటీవారికి అవి వెంటనే తెలిసిపోవును. పెద్ద బిరుదు గల యపరిచితుని పొగడ్త కంటె, మూడు నెలలు పిల్ల ప్రక్కన నిలిచి పని చూచిన చిన్న లెక్చరరు వ్రాసిన నాలుగు నిజమైన వాక్యములకు విలువ హెచ్చు. ఏ ప్రయోగము చేసినది, ఎచ్చట చిక్కుకొన్నది, ఎట్లు బయటపడినది అని ఆ లేఖలో నుండవలెను. లేఖను తాను చూడనని విద్యార్థిని ముందుగ ఒప్పుకొను పద్ధతి యున్నది. ఒప్పుకొనుటయే మంచిది, ఏలయన చాటున వ్రాసిన మాటను వారు ఎక్కువగ నమ్ముదురు. గురువులను ఈ లేఖలకై కనీసము రెండు నెలల ముందు అడుగవలెను. గడువు రేపనగా నేడు పోయి గుమ్మమున నిలుచుట మర్యాద కాదు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనునది విద్యార్థిని తన్ను గుఱించి తాను వ్రాయు వ్యాసము. "చిన్ననాడు డాబాపై పండుకొని నక్షత్రములు చూచుచు శాస్త్రజ్ఞురాలు కాగోరితిని" అని మొదలుపెట్టుట మన పిల్లలకు పరిపాటి. అందఱును నక్షత్రములను చూచినవారే. ఆమె ఏ ప్రశ్నపై పనిచేసినది, ఏమి తేలినది, ఏమి తేలలేదు, ఇకపై ఏమి తెలిసికొనగోరుచున్నది, దానికి ఆ విశ్వవిద్యాలయమున ఎవరి ప్రయోగశాల తగియున్నది, ఇవి చెప్పవలెను. కన్సల్టెన్సీలు అమ్ము అచ్చు వ్యాసములును, యంత్రము వ్రాసియిచ్చు తళుకుమాటలును పిల్లను ముంచును. ఒకరి వాక్యములు మఱియొకరి కాగితమున కనబడినచో దరఖాస్తు అంతటితో సరి.

ఛాందోగ్యమున సత్యకాముని కథ సోదరీమణులెఱిగినదే. గురువు గోత్రమడుగగా, తల్లి జబాల తనతో చెప్పినదే చెప్పెను. గోత్రము తనకు తెలియదనెను. ఆ సత్యమునకే మెచ్చి గౌతముడు శిష్యునిగ స్వీకరించెను. అంతటితో కథ ముగియలేదు. నాలుగువందల బక్కయావులను అప్పగించి అడవికి పంపెను. అవి వేయియైనగాని తిరిగిరానని శిష్యుడు పలికెను. ఎన్నో యేండ్లు గడచినవి. ఆ యేండ్లలో అతనికి బోధించినవి వృషభము, అగ్ని, హంస, నీటిపక్షి. గురువు చివర మాత్రమే బోధించెను. పి.హెచ్‌.డి. ఎట్లుండునని మమ్మడుగు పిల్లలకు మేము ఈ కథయే చెప్పుచుందుము.

పరీక్షల విషయము స్వల్పము. జి.ఆర్.ఇ. ఒకప్పుడు తప్పనిసరి, 2018 ప్రాంతమునుండి, విశేషించి 2020 మహమ్మారి పిమ్మట, అనేక శాస్త్రవిభాగములు దానిని విడిచిపెట్టినవి. ఆంగ్లభాషకు టోఫెల్ గాని ఐ.ఇ.ఎల్.టి.ఎస్. గాని సాధారణముగ కావలెను; టోఫెల్ మార్కులు రెండేండ్లు చెల్లును. దరఖాస్తు ఒక్కొక్కటికి 75 మొదలు 125 డాలర్ల వఱకు రుసుము. పది చోట్లకు పంపినచో సుమారు 1,000 డాలర్లు, అనగా ఎనుబదివేల రూపాయలకు పైన. రుసుము మాఫీ చేయుమని వ్రాసి అడుగుట తప్పుకాదు; కొందఱు చేయుదురు. మీ యింట ఈ ధనము కష్టమైనచో పది కాక ఆఱు ఎన్నుకొని, వానిని శ్రద్ధగ వ్రాయుట మేలు. ముందు చెప్పిన రసాయనశాస్త్ర విద్యార్థిని తొమ్మిది పంపినది. ఏడు తిరస్కారములు, ఒకటి వేచియుండుమని, ఒకటి రమ్మని. ఏడవ తిరస్కారము వచ్చిన రాత్రి ఆమె అన్నము తినలేదని తల్లి చెప్పినది. ఒక్కటి చాలును గదా, ఎక్కునది ఒక్క విమానమే.

కాలక్రమమును గుర్తుంచుకొనవలెను. గడువులు చాలవఱకు డిసెంబరు మొదటి పక్షమున. జనవరి, ఫిబ్రవరులలో ఇంటర్వ్యూలు, విశేషించి జీవశాస్త్రములందు. మార్చిలోపల చాలవఱకు ఉత్తరములు. ధనసహాయముతో వచ్చిన ఆహ్వానమునకు ఏప్రిల్ 15 వఱకు ఉత్తరమియ్య గడువుండవలెనని అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములు ఒడంబడిక చేసికొన్నవి. కావున "రెండు దినములలో చెప్పుము" అని తొందర పెట్టినచో బెదరక ఆ మాట గుర్తుచేయవచ్చును. తరువాత వీసా, ఆగస్టులో ప్రయాణము.

అమెరికా ఒక్కటియే కాదు. బ్రిటనులో పి.హెచ్‌.డి. మూడు నాలుగేండ్లే, మంచి ఆనర్సు డిగ్రీతో చేరవచ్చును గాని తరగతులు తక్కువ, ప్రశ్న ముందే తెలిసియుండవలెను. 2021 నుండి అచ్చటి ప్రభుత్వ పరిశోధన విద్యార్థివేతనములు విదేశీయులకును తెఱచిరి. అందు వారి భాగము నూటికి 30 మించరాదని హద్దు పెట్టిరి. జర్మనీలో సాధారణముగ మాస్టర్సు కావలయును. అయినను గోటింగెన్ నగరమున మాక్స్ ప్లాంక్ సంస్థలతో గూడి నడచు ఎమ్.ఎస్సి.-పి.హెచ్‌.డి. చదువులు జీవాణుశాస్త్రమునను నాడీశాస్త్రమునను డిగ్రీవారిని చేర్చుకొనును. ఆస్ట్రియాలోని ఇస్టా యను సంస్థ డిగ్రీ చాలుననును, దరఖాస్తు రుసుము పుచ్చుకొనదు. జపానుదేశపు ఒకినావా ద్వీపమున 2012లో చదువు మొదలుపెట్టిన ఓయిస్టు అను విశ్వవిద్యాలయమును ఇట్టిదే. అచ్చట శాఖాభేదములే లేవు. మన తల్లులు అమెరికా పేరు తప్ప విననందున ఈ స్థలములను గుఱించి పిల్లలు చెప్పినపుడు సందేహింతురు. సందేహించుట మాని విచారించుట మంచిది.

విశేషించి ఇప్పుడు ఒక్క దేశమునే నమ్ముకొనుట యుక్తము కాదు. 2025లో అమెరికా ప్రభుత్వము పరిశోధన ధనమును తగ్గించుటచే కొన్ని విశ్వవిద్యాలయములు పి.హెచ్‌.డి. స్థానములను కుదించినవి, పంపిన ఆహ్వానమును వెనుకకు తీసికొన్నవియు కలవు. ఆ యేడే మే చివర మొదలు జూన్ నడుమ వఱకు విద్యార్థివీసాలకు క్రొత్త ఇంటర్వ్యూ తేదీలిచ్చుట నిలిపివేసిరి. పిల్లల తప్పేమియు లేకయే ద్వారము మూసికొనుట యిది. కాబట్టి విదేశపు దరఖాస్తులతోడనే మన దేశమున ఎమ్.ఎస్సి.కి జామ్ పరీక్షయును, బెంగుళూరు సంస్థలోను టాటా సంస్థలోను డిగ్రీవారిని చేర్చుకొను ఇంటిగ్రేటెడ్ పి.హెచ్‌.డి.యును చూచుకొనవలెను. అక్కడ ఎమ్.ఎస్సి. చేసి పిమ్మట పోయినవారు వెనుకబడినవారు కారు; రెండేండ్లలో చేయి తిరిగి, ఏ ప్రశ్న తమదో తెలిసి పోవుదురు. ఇంకను ఏ శాస్త్రము తనదో తేల్చుకొనని పిల్లకు ఈ దారియే మంచిదని మా యభిప్రాయము.

అక్కడి జీవితమును గుఱించి రెండు మాటలు. అందఱు గురువులును గౌతములు కారు. రేయనక పగలనక పని చేయించువారు, విద్యార్థి కృషికి తమ పేరు ముందు వేసికొనువారు అచ్చటను కలరు. ప్రయోగశాలను మార్చుకొను వీలు కలదు. అది సిగ్గుపడవలసిన పని కాదు. చేరక ముందే ఆ ప్రయోగశాలలోని పెద్ద విద్యార్థులకు వ్రాసి, ఆయన యొద్ద ఎన్నేండ్లకు పట్టము చేతికి వచ్చుచున్నదో, మధ్యలో ఎందఱు వెడలిపోయిరో అడుగవలెను. సంబంధము చూచునపుడు మనము ఊరివారిని విచారింపమా? రెండవ శీతకాలమున మంచు కురియుచుండ, ప్రయోగము చెడిన రాత్రి పిల్ల ఫోనుచేసి ఊరక యేడ్చును. అప్పుడు "వచ్చేయమ్మా" అని గాని, "ఇంత చదివి ఏడుపా" అని గాని తొందరపడి యనకుడు. ఏమి తిన్నావని అడుగుడు. విశ్వవిద్యాలయమున మనోవైద్యులుందురు, వారి యొద్దకు పోవుట పిచ్చియని మన యిండ్లలో పలుకు మాటను ఆమె చెవిని వేయకుడు.

చివరకు తల్లులు ఇంట కూర్చుండియే చేయదగిన పని యొకటి కలదు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, స్వంతపేరు తరువాత; బడిలో ఇంటిపేరును ఒక్క అక్షరముగ కుదించి వ్రాయుదురు. పదవతరగతి మెమోపై ఒక విధము, డిగ్రీ పత్రముపై మఱొక విధము, ఆధారుపై ఇంకొక విధము. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగ వదలినచో, అమెరికావారి వీసాలో పేరంతయు ఇంటిపేరుగ దాఖలై, స్వంతపేరు స్థానమున "తెలియదు" అను అర్థమిచ్చు ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములు పడును. ఆ మూడక్షరములే పిల్ల పేరుగ బ్యాంకులోను కళాశాలలోను కొంతకాలము చెలామణి యగును. కావున పిల్ల రెండవ సంవత్సరమున నుండగనే బీరువాలోని కాగితములన్నియు తీసి, మెమో మొదలు పాస్‌పోర్టు వఱకు అక్షరమక్షరము సరిచూడుడు. తేడా యున్నచో దిద్దించుటకు నెలలు పట్టును. బోర్డు కార్యాలయమునకు ఒకటికి నాలుగుమాఱులు తిరుగవలసియుండును. దరఖాస్తు గడువు డిసెంబరు; మార్కుల పత్రముల ప్రతులు విశ్వవిద్యాలయమునుండి తెప్పించుటకు మఱికొన్ని వారములు. సెప్టెంబరునకు అన్నియు ఒక సంచిలో నుండునట్లు చూచుకొనుడు.